గిటార్ వాయించే అబ్బాయి ఆర్‌ఆర్ చేయగలడా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ మూడో ఏడాది. కాలేజీ రాక్ బ్యాండ్‌లో లీడ్ గిటార్. ప్లేస్‌మెంట్లకు కూర్చోను, సినిమాలకు ఆర్‌ఆర్ (రీ-రికార్డింగ్), అంటే బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ చేస్తానంటున్నాడు. నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవడం రాదు. ఈ దారిలో ఎవరైనా పైకొచ్చారా?
– ఓ తండ్రి, హనుమకొండ

జవాబు: వచ్చారండీ. లాస్ ఏంజెలెస్‌లో ఓయింగో బోయింగో అనే బ్యాండ్ నడిపిన డానీ ఎల్ఫ్‌మన్ సంగీత కళాశాలలో చదువుకున్నవాడు కాదు. 1985లో హాలీవుడ్ దర్శకుడు టిమ్ బర్టన్ తన మొదటి పూర్తి నిడివి సినిమా సంగీతాన్ని అతని చేతిలో పెట్టాడు. ఆర్కెస్ట్రాకు సంగీతం అమర్చడంలో బ్యాండ్‌లోని గిటారిస్టు స్టీవ్ బార్టెక్ సాయపడ్డాడు. నాలుగేళ్లకు వీళ్లిద్దరి 'బ్యాట్‌మన్' వచ్చింది. మన రెహమాన్ కూడా చెన్నైలో నెమెసిస్ అవెన్యూ అనే రాక్ బ్యాండ్‌లో ఉన్నవాడే.

అలాగని ఈ పేర్లు చూసి తొందరపడకండి. ఎల్ఫ్‌మన్ అంతకుముందే అన్న తీసిన చిన్న సినిమాకు సంగీతం చేశాడు. 'రోజా' (1992)కు ముందు రెహమాన్ రాజ్-కోటి లాంటివాళ్ల దగ్గర కీబోర్డు వాయించాడు, యాడ్స్‌కు జింగిల్స్ కట్టాడు.

అసలు చిక్కు నొటేషన్ కాదు, టైము. స్టేజి మీద పాట ఎంతసేపు సాగాలో బ్యాండ్ ఇష్టం. ఆర్‌ఆర్‌లో ఎడిటర్ ఇష్టం. నిమిషానికి 120 బీట్ల టెంపోలో (వేగంలో) నాలుగు బీట్ల బార్, అంటే ఒక తాళావర్తం, సరిగ్గా రెండు సెకన్లు; సెకనుకు 24 చొప్పున 48 ఫ్రేములు. రాత్రంతా కూర్చుని రిఫ్‌ను (గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న బాణీని) ఆ లెక్కకు సరిపెట్టాక, పొద్దున్నే ఫోనొస్తుంది: "హీరోయిన్ వెనక్కి తిరిగే షాట్‌లో ఒక సెకను లేపేశాం." రెండు బీట్లు గల్లంతు! మధ్యలో రెండు బీట్ల బార్ ఇరికించాలా, టెంపో కాస్త జరపాలా, ఆ రిఫ్‌నే వదిలేయాలా? అలిగే కుర్రాడైతే ఇక్కడ నెగ్గుకు రావడం కష్టం. పైగా డిస్టార్షన్ గిటార్ (రాక్‌లో వినిపించే గరగర గిటార్), మనిషి గొంతు దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీల్లో కొట్టుకుంటాయి. స్టేజి మీద చప్పట్లు తెచ్చిపెట్టిన వాయింపే సీన్‌లో డైలాగును మింగేస్తుంది.

కాబట్టి ఒక పరీక్ష పెట్టండి. తెలిసినవాళ్ల షార్ట్‌ఫిల్మ్‌లో మాటలెక్కువున్న రెండు నిమిషాల సీన్ అడిగి తెచ్చుకోమనండి. దానికి మూడు రకాలుగా స్కోర్ చేయాలి, ఒకసారైనా గిటార్ ముట్టుకోకుండా. వాళ్లమ్మకు చూపించి, సీన్‌లో ఎవరేమన్నారో ఆవిడను చెప్పమనండి. మాటలన్నీ ఆవిడకు అందితే కుర్రాడికి చెవి ఉన్నట్టే. మూడోసారి చేయమంటే విసుక్కున్నాడా అన్నది కూడా గమనించండి, నాకైతే అదే ముఖ్యం.

చదువు సంగతి. చెన్నైలో రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ ఉంది. బోస్టన్‌లోని బర్క్‌లీలో ఫిల్మ్ స్కోరింగ్‌లో డిగ్రీయే ఉంది కానీ, ఈ దశలో దానికి అప్పు చేయమని నేను చెప్పను. ముందు ఇక్కడే ఒక కీబోర్డు మాస్టారు దగ్గర స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) మొదలుపెట్టించండి. తర్వాత ఎవరైనా మ్యూజిక్ డైరెక్టర్ దగ్గర ప్రోగ్రామర్‌గానో (కంప్యూటర్‌లో సంగీతం అమర్చేవాడిగా) అసిస్టెంట్‌గానో చేరాలి. మొదట్లో డబ్బు తక్కువ, టైటిల్స్‌లో పేరు పడుతుందన్న నమ్మకమూ లేదు.

అందుకే ప్లేస్‌మెంట్ల విషయంలో నేను మీ వైపే. ఉద్యోగం వస్తే మంచి స్పీకర్లు, సౌండ్ లైబ్రరీలు (రికార్డు చేసిన వాయిద్యాల ధ్వనులు) సొంత జీతంతో కొనుక్కుంటాడు, రాత్రిళ్లు సీన్లు చేసుకుంటాడు. ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచండి: 2012 కాపీరైట్ సవరణ ప్రకారం, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించేది మినహా మిగతా వాడకాలపై రాయల్టీలో సంగీతకర్తకు సమాన వాటా ఉంది. అగ్రిమెంట్‌లో ఆ వాటా వదులుకుంటున్నట్టు రాసి ఉంటే, ఎంత పెద్ద బ్యానరైనా సరే, లాయరుకు చూపించకుండా సంతకం పెట్టొద్దనండి.