విదేశీ కంపెనీలకిచ్చే రాయితీల డబ్బు ఎవరిది? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది గాజువాక, గేట్లు గ్రిల్స్ చేసే చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. కరెంటు బిల్లు ఒక్క నెల ఆలస్యమైతే ఫ్యూజు పీకడానికి వచ్చేస్తారు. అలాంటిది గూగుల్‌కి 22 వేల కోట్లు ఇచ్చేస్తున్నారని వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నిజంగా అంత ఇస్తారా, అసలు ఎవరి డబ్బండీ అది?

జవాబు: మీ కోపం న్యాయమైనదేనండి. ముందు ఆ అంకె సంగతి చెప్తాను. 2025 అక్టోబర్ 14న గూగుల్ వైజాగ్‌లో ఏఐ హబ్, అంటే వేల కంప్యూటర్లు నడిచే పెద్ద డేటా సెంటర్ పెడతామని, అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని ప్రకటించింది కదా, ఆ వెంటనే కర్ణాటక ఐటీ మంత్రి ప్రియాంక్ ఖర్గే ఏపీ దీనికోసం 22 వేల కోట్ల రాయితీలు ఇస్తోందని విమర్శించారు, అప్పట్నించి ఆ అంకె అలా తిరుగుతూనే ఉంది. అది ఒకేసారి రాసిచ్చే చెక్కు మాత్రం కాదు. భూమి రేటులో తగ్గింపు, నీళ్ళ చార్జీలో తగ్గింపు, కరెంటులో రాయితీ, స్టేట్ జీఎస్టీ వెనక్కివ్వడం, ఇలాంటివన్నీ ఏళ్ళ తరబడి కలిపి వేసిన లెక్క అది.

ఇందులో అన్నీ ఒకటి కాదు, అక్కడే చాలామంది తికమక పడతారు. జీఎస్టీ తీసుకోండి. కంపెనీ 100 కోట్లకి బిల్డింగ్ కాంట్రాక్ట్ ఇచ్చిందనుకుందాం, 18 శాతం లెక్కన 18 కోట్ల పన్ను, అందులో 9 కేంద్రానికి 9 రాష్ట్రానికి. రాష్ట్రం ఆ 9 కోట్లు వెనక్కిస్తుంది. కంపెనీ అసలు రాకపోతే ఆ 9 కోట్లూ ఉండేవి కాదు, పోయిందేముంది అంటుంది సర్కారు. ఆ మాటలో నిజముంది. కానీ కరెంటు అలా కాదండీ. యూనిట్ మీద రూపాయి తగ్గించినా ఆ రూపాయి ఎవరో ఒకరు డిస్కంకి (కరెంటు సరఫరా చేసే సంస్థకి) కట్టాల్సిందే, సర్కారు టైంకి కట్టకపోతే డిస్కం అప్పు చేస్తుంది, ఆ భారం తిరిగి తిరిగి మీ షాపు బిల్లు మీదకే వచ్చే ప్రమాదం ఉంది. భూమి కూడా అంతే, ఒకసారి చవగ్గా ఇచ్చేశాక వెనక్కి రాదు. అందుకే నన్నడిగితే జీఎస్టీ గురించి కంగారు పడక్కర్లేదు, కరెంటు మీద, భూమి మీద మాత్రం కన్నేసి ఉంచాలి.

ఇంకోటి, డేటా సెంటర్ కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది గానీ కట్టేశాక నడపడానికి పెద్దగా మనుషులు అక్కర్లేదు. కాబట్టి మీలాంటివాళ్ళు ఇప్పుడే గట్టిగా అడగాలి. కేబుల్ ట్రేలు, హ్యాండ్ రెయిలింగులు, మెట్ల ప్లాట్‌ఫారాలు మన ఆటోనగర్‌లో చేయలేమా? ఇంత రాయితీ ఇస్తున్నప్పుడు లోకల్ షాపులకి ఇంత పని ఇవ్వాలని షరతు ఎందుకు పెట్టకూడదు?

ప్రశ్న: అక్కా, మాది పెనుకొండ. మా తమ్ముడు డిప్లొమా చేసి కియా కార్ల ఫ్యాక్టరీ పక్కన, దానికి విడిభాగాలిచ్చే ఓ వెండర్ కంపెనీలో చేస్తా ఉన్నాడు. రాయితీల టైం అయిపోతే కంపెనీ ఎత్తేసి పోతారని ఊర్లో అంటా ఉండారు. నిజమేనా?

జవాబు: అంత తేలిగ్గా పోరు తమ్ముడూ. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం అయినప్పుడు కియా చెప్పిన పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఏడాదికి 3 లక్షల కార్ల కెపాసిటీతో కట్టారు, 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. పెయింట్ షాపు, ప్రెస్ షాపు, వాటి చుట్టూ మోబిస్ లాంటి విడిభాగాల కంపెనీలు, ఇవన్నీ పీకి లారీలో వేసుకుని పోయేవి కాదు. మన సర్కారు కూడా భూమి చదును చేయించి, గొల్లపల్లి రిజర్వాయర్ నీళ్ళు ఇచ్చి, అంత కరువు సీమలో ఫ్యాక్టరీని నిలబెట్టింది.

ఒక సంగతి మాత్రం అందరూ తెలుసుకోవాలి. జీఎస్టీ అనేది సరుకు అమ్ముడుపోయిన చోటికి పోయే పన్ను. పెనుకొండలో తయారైన కారు లక్నోలో అమ్మితే రాష్ట్రం వాటా యూపీకి పోతుంది, మనకి రాదు. అంటే మనకి మిగిలే అసలు లాభం మీ తమ్ముడి జీతం, ఆ జీతంతో పెనుకొండలో, హిందూపురంలో నడిచే వ్యాపారం. అందుకే ఆ ఉద్యోగం కాంట్రాక్టా పర్మనెంటా, పీఎఫ్ కడుతున్నారా లేదా అన్నది చిన్న విషయం కానే కాదు.

అలాగని ఎవరూ పోలేదని కాదు. తమిళనాడు శ్రీపెరుంబుదూరులో నోకియా ఇలాగే రాయితీలతో వచ్చింది, వేలమంది ఆడపిల్లలు అక్కడ ఫోన్లు బిగించేవాళ్ళు. పన్ను గొడవలు కోర్టుకెక్కాయి, 2014లో మైక్రోసాఫ్ట్ నోకియా ఫోన్ల వ్యాపారం కొన్నప్పుడు ఆ గొడవల వల్లే ఈ ఫ్యాక్టరీని పక్కన పెట్టేసింది, ఆ నవంబర్ 1న మూతపడింది. రాయితీ అయిపోయినందుకు కాదు, పన్ను లెక్కలు ముందే తేల్చుకోనందుకు మూతపడింది అది.

ప్రశ్న: మేం అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలో ఉంటాం. ఇక్కడ ఫాక్స్‌కాన్ (ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ తయారుచేసే తైవాన్ కంపెనీ) పేరు చెప్తే జనం మండిపడతారు. హైదరాబాద్ కొంగరకలాన్‌లో కూడా వాళ్ళదే ఫ్యాక్టరీ కదా, భయపడాలా?

జవాబు: భయం వద్దు, మీ రాష్ట్రం చేసిన ఒక మంచి పని మాత్రం నేర్చుకుందాం. 2017లో విస్కాన్సిన్ దాదాపు 300 కోట్ల డాలర్ల రాయితీ ఒప్పుకుంది, ఫాక్స్‌కాన్ 13 వేల ఉద్యోగాలు ఇస్తానంది. ఇవ్వలేదు. కానీ ఒప్పందంలో ఉద్యోగాలు చూపిస్తేనే పన్ను రాయితీ అని రాసుకున్నారు కాబట్టి 2020లో రాష్ట్రం ఇవ్వం పొమ్మంది. 2021లో మళ్ళీ రాసుకుని రాయితీని 8 కోట్ల డాలర్లకి, ఉద్యోగాలని 1,454కి దింపారు. దెబ్బ తిన్నది ఫ్యాక్టరీ పెడతామన్న మౌంట్ ప్లెజెంట్ ఊరు. కంపెనీ వస్తుందని అప్పు చేసి ముందే భూములు, ఇళ్ళు కొనేసింది, రోడ్లు వేసేసింది. తర్వాత అక్కడే మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్‌కి స్థలం కొనడంతో కాస్త ఊపిరి పీల్చుకుంది. ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు కదండీ, నాకు అదే చాలా బాధ అనిపిస్తుంది.

ప్రశ్న: మా జిల్లాకి వచ్చిన విదేశీ కంపెనీకి ఎంత ఇచ్చారో మామూలు మనిషికి తెలిసే దారుందా?

జవాబు: ఉంది. ఏ కంపెనీకి ఏమిస్తున్నారో పరిశ్రమల శాఖ జీవోలో ఉంటుంది, ముందు అది సంపాదించండి. తర్వాత ఆ శాఖ కమిషనరేట్‌లో సమాచార అధికారి పేరున పది రూపాయల ఫీజుతో ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మొత్తం ఒప్పందం కాపీ కావాలంటే వ్యాపార రహస్యం అని తోసేస్తారు, అందుకని చిన్న ప్రశ్నలు వేయండి. ఎంత మంజూరైంది, ఇప్పటిదాకా ఎంత విడుదలైంది, ఉద్యోగాల లెక్కకి కంపెనీ ఏ కాగితం చూపించింది. జవాబు రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు వేయండి, దానికి రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసుల్లో మామూలుగా ఫీజుండదు.