మోసెల్ ఒడ్డున నాలుగు రోజులు: ఒంటరిగా వెళ్ళొచ్చా?

ప్రశ్న: అన్నగారూ, నేను ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి ఏడు నెలలైంది. మే నెలలో ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా మోసెల్ నది వెంట సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నాను, ఒక్కడినే. రోడ్ బైక్ కొనాలా, ట్రెకింగ్ బైక్ చాలా? టైర్లు ఎంత వెడల్పు ఉండాలి? రోజుకు ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి? ఎత్తుపల్లాలు ఎక్కువా?

జవాబు: తమ్ముడూ, నాలుగు ప్రశ్నలు అడిగావు, నాలుగూ సైకిల్ గురించే. మధ్యలో "ఒక్కడినే" అని ఒక మాట విసిరేసి ముందుకెళ్ళిపోయావు. నాకు మాత్రం అది దాటి చదవడానికి కాసేపు పట్టింది.

ముందు నువ్వడిగినవి తేల్చేస్తాను. ఎత్తుపల్లాలు దాదాపు లేవు. ఏటి ఒడ్డునే దారి, చాలావరకు తారు రోడ్డు. మా కోనసీమలో ఏటిగట్టు మీద తొక్కినట్టే ఉంటుంది, కాకపోతే గుంటలుండవు, గేదెలు అడ్డం రావు. రోడ్ బైక్ అయినా నడుస్తుంది గాని దానికి వెనక క్యారేజీ ఉండదు, నాలుగు రోజుల బట్టలు వీపున మోస్తే నడుం పోతుంది. ట్రెకింగ్ బైక్ తీసుకో, మడ్‌గార్డులూ లైట్లూ దానికే ఉంటాయి. టైరు 35 మిల్లీమీటర్లయితే నిశ్చింత. కొనడం ఎందుకు, అద్దెకు దొరుకుతాయి. నది వంకరలన్నీ తిరిగితే ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కి సుమారు 200 కిలోమీటర్లు. నాలుగు రోజులకు రోజుకు 50. ట్రియర్ నుంచి దిగువకే తొక్కు, పడమటి గాలి చాలాసార్లు వీపు తడుతుంది. ఏటి మలుపు తిరిగాక ఆ గాలే ఎదురొస్తుంది, దానికి నేనేం చెయ్యలేను.

లైట్లు, బెల్లు, ఎడమ కుడి, ఎర్రదీపం దాటితే జుర్మానా, రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ కావాలా అక్కర్లేదా, ఇవన్నీ రైల్వే సైట్లోనూ ప్రభుత్వ సైట్లోనూ ఉన్నాయి. చదువుకో. మీ తరానికి ఫోన్లో వెతకడం ఒకరు నేర్పాలా?

ఇక ఆ "ఒక్కడినే" సంగతి.

2009 ఏప్రిల్. నేనొచ్చి అప్పటికి అయిదు నెలలు. ఇక్కడ ఆదివారం అంటే ఏమిటో నీకీపాటికి తెలిసే ఉంటుంది: కొట్లన్నీ మూత, వీధిలో పిట్ట కనపడదు, మెట్ల మీద ఎదురైన పొరుగాయన తల ఊపి వెళ్ళిపోతాడు. గదిలో కూర్చుంటే గోడలు మీదకొచ్చేవి. పాత సామాన్ల సంతలో 60 యూరోలు పెట్టి ఒక సైకిల్ కొన్నాను. అప్పటి లెక్కన దాదాపు నాలుగు వేల రూపాయలు. మా నాన్న నాకు టెన్త్‌లో కొన్న హీరో సైకిల్ గుర్తొచ్చి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక ఆదివారం తెల్లవారుజామున దాన్ని రైలెక్కించి, కోబ్లెంజ్‌లో మారి ట్రియర్‌లో దిగాను. రోమన్లు కట్టిన పోర్టా నిగ్రా అనే నల్లరాతి ద్వారం ముందు నిలబడి ఒక ఫొటో తీయించుకుందామనుకున్నాను. తీసిపెట్టమని ఎవరినీ అడగలేకపోయాను. సైకిల్‌ని గోడకానించి దాని ఫొటో తీసుకున్నాను. ఇప్పటికీ ఉంది, సైకిల్ ఒక్కటే ఉంటుంది అందులో.

రోజంతా తొక్కాను. అందం గురించి నేను చెప్పక్కర్లేదు, నువ్వు వీడియోలు చూసే ఉంటావు. ద్రాక్షతోటలంటే నాకప్పటిదాకా హైదరాబాద్ చుట్టుపక్కల అనాబెషాహీ పందిళ్ళే. ఇక్కడ పందిరి లేదు, నేల కూడా చదును కాదు. గోడలా నిలబడ్డ కొండ మీద ఒక్కో తీగకు ఒక్కో కర్ర, కొమ్మల్ని వంచి గుండె ఆకారంలో కడతారు. కింద పలకరాళ్ళు. పగలు పీల్చిన వేడిని అవి రాత్రి తీగకు ఇస్తాయట. మనిషి ఎక్కలేని చోట ఒంటిపట్టా మీద చిన్న బండి పాకుతూ పోతుంది. ఇదంతా చూస్తూ "ఎంత బాగుందో" అనుకున్నాను, పైకి అన్నాను కూడా, తెలుగులో, సైకిల్ హ్యాండిల్‌తో. పొద్దున్నుంచీ నేను నోరు విప్పింది అదే.

బ్రౌనెబెర్గ్ అనే ఊరు దాటాక వెనక చక్రం కూలబడింది. నా దగ్గర పంపూ లేదు, ట్యూబూ లేదు. మనకి ప్రతి సెంటర్లోనూ పంచర్ కొట్టుంటుందిగా, ఆ ధీమా. రోడ్డు పక్క తోటలో మొగుడూ పెళ్ళాం తీగలు కడుతున్నారు. ఆయన తలెత్తి "గుటెన్ టాక్" అన్నాడు. చక్రం వైపు చూపించి ఇంకేదో కూడా అన్నాడు. నాకు భాష రాదు, తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని సిగ్గు. తల దించుకుని, ఏమీ జరగనట్టు సైకిల్ తోసుకుంటూ వెళ్ళిపోయాను. ఏడెనిమిది కిలోమీటర్లు తోశాను తమ్ముడూ. కొన్నేళ్ళ తర్వాత భాష వచ్చాక, ఒక రాత్రి పడుకోబోతూ ఆయన అన్న మాట చెవిలో మోగి అర్థమైంది. "ఆగు, నా దగ్గర పంపుంది" అన్నాడాయన.

బెర్న్‌కాస్టెల్ చేరేసరికి సాయంత్రం ఏడు. స్టేషన్ ఎక్కడా అని కాగితం మ్యాప్ చూస్తే రైలు పట్టా లేదు. ఇంత పేరున్న ఊరికి రైలుండదని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ పట్టాలు ఎప్పుడో పీకేసి సైకిల్ దారి చేశారు, కొండల్లో డౌన్ అనే ఊరి నుంచి దిగొచ్చే మారే-మోసెల్ దారి అదే. ఇది రాసిపెట్టుకో: ట్రియర్, బుల్లే మధ్య రైలు నదిని వదిలేసి లోపలి నుంచి, విట్‌లిష్ మీదుగా పోతుంది. నది పక్కన చిక్కుబడితే ట్రాబెన్-ట్రార్‌బాఖ్ దాకా వెళ్ళాలి, అక్కడి నుంచి చిన్న రైలు బుల్లేలో వదులుతుంది. సీజన్‌లో సైకిళ్ళు తగిలించుకునే బస్సులూ ఉన్నాయి. ఆ రోజు ఆఖరిది నేను రాకముందే పోయింది.

ఒక గది తీసుకున్నాను. తినడానికి సంచిలో సగం బిస్కెట్ ప్యాకెట్. కిటికీలోంచి చూస్తే కొండ మీద లాండ్స్‌హుట్ కోట శిథిలం దీపాలతో వెలుగుతోంది. ఇంటికి ఫోన్ చేద్దామంటే అక్కడ అర్ధరాత్రి దాటింది. అమ్మని లేపితే "ఏమైందిరా" అంటుంది, ఏం చెప్పను, టైర్లో గాలి పోయిందని చెప్పనా? ఆ రాత్రి మంచం మీద కూర్చుని వెనక్కి వెళ్ళిపోవడానికి టికెట్ ఎంతవుతుందో లెక్క వేశాను. సైకిల్ యాత్ర అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ లెక్కే.

తర్వాత తెలుసుకున్నాను, ఏటి అవతల ఒడ్డున క్యూస్‌లో ఒక పాత ధర్మాసుపత్రి ఉంది. 1401లో ఆ ఊళ్ళోనే పుట్టిన నికొలాస్ కుసానుస్ అనే మతపెద్ద కట్టించాడు. క్రీస్తు బతికిన ఏళ్ళ లెక్కన 33 మంది దిక్కులేని ముసలివాళ్ళు కలిసి బతకడానికి. అయిదు వందల ఏళ్ళు దాటినా ఇప్పటికీ అది వృద్ధాశ్రమమే, దానికంటూ సొంత ద్రాక్షతోటలున్నాయి. ముసలితనంలో మనిషికి అన్నం ఒక్కటే చాలదని ఆయనకి తెలిసింది. నేను బిస్కెట్లు తింటూ కూర్చుంది దానికి సరిగ్గా ఎదురు ఒడ్డున.

మరుసటి ఏడాది సెప్టెంబర్లో మళ్ళీ వెళ్ళాను. అప్పుడూ ఒక్కడినే, తోడు దొరక్క. కాని ఈసారి పంపు, రెండు ట్యూబులు, ఒక వాక్యం పట్టుకెళ్ళాను. వాక్యం: "ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?" ఈ చోటు ఖాళీయేనా అని. ఆఫీసులో నీకు ఇంగ్లీషుతో గడిచిపోతుంది, జర్మన్ క్లాసుకి డబ్బు దండగ అనుకుంటున్నావేమో. ఈ నాలుగు ముక్కలు మాత్రం కంఠతా పట్టు.

ఎక్కడ వాడాలంటే, ఊళ్ళలో కొన్ని ఇళ్ళ గుమ్మానికి చీపురో ఆకుల గుత్తో వేలాడుతుంది. స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ అంటారు. ద్రాక్ష రైతు తన ఇంటి పెరట్లోనే, ఏడాదికి నాలుగు నెలలకు మించకుండా, తన సొంత వైన్ అమ్ముకోవచ్చు. 40 కుర్చీలకు మించకూడదు. పొడవాటి బల్లలు, విడి బల్ల అడిగినా దొరకదు. హోటల్లో మూల బల్ల వెతుక్కునే మనలాంటి వాళ్ళకి ఇదే మందు. నేను తాగను, ద్రాక్షరసం అడిగితే ఎవరూ వింతగా చూడలేదు. నువ్వు తాగేవాడివైతే ఒక మాట: సైకిలే కదా అనుకోకు, తొక్కేవాళ్ళకీ మద్యం లెక్కలున్నాయి, తేడా వస్తే కారు లైసెన్సుకీ చుట్టుకుంటుంది.

ఆ పెరటి గోడ మీద నా తలకంటే ఎత్తులో ఒక గీత, పక్కన 1993 అని ఉంది. నేను "ఖాళీయేనా" అనడిగిన బల్ల దగ్గరున్న ముసలావిడ నా చూపు పట్టుకుంది. ఆ ఏడు క్రిస్మస్‌కి మోసెల్ ఇంట్లోకొచ్చిందట, పీపాలు తేలుతూ పోయాయట. నాకు వచ్చిన ముక్కల్లో 1986 ఆగస్టు చెప్పాను. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటిన ఏడు. లంకలో మా అమ్మమ్మగారి ఊళ్ళో బడి డాబా మీద రెండు రాత్రులున్నాం. నీళ్ళు ఎంతవరకని ఆవిడ అడిగింది. నేను మెడ దగ్గర చెయ్యి పెట్టి, కాదు అని లేచి, కుర్చీ ఎక్కి చూపించాను. బల్లంతా నవ్వింది. ఆవిడ లోపలికెళ్ళి ఫొటోల ఆల్బం తెచ్చింది. ఆ రాత్రి వాళ్ళింట్లోనే గది, పొద్దున వంటింట్లో అందరితో పాటు రొట్టె. ఏళ్ళ తరబడి క్రిస్మస్‌కి కార్డు వచ్చేది.

అందుకే చెప్తున్నా. రోజుకు 50 కిలోమీటర్లు సరే గాని, వాటిని మధ్యాహ్నం నాలుక్కల్లా ముగించు. చీకటి పడ్డాక ఊరు చేరితే తలుపులు మూసి ఉంటాయి, నువ్వూ నీ ఫోనూ మిగులుతారు. కోట్ల కొద్దీ ఫొటోల్లో చూసిన కోహెమ్‌లో రాత్రి ఉండకు. అక్కడి కొండ మీది కోట 1689లో ఫ్రెంచి సైన్యం పేల్చేశాక 19వ శతాబ్దంలో ఒక డబ్బున్నాయన మళ్ళీ కట్టించుకున్నది. చూడు, చూసి ముందుకెళ్ళిపో. బస్సుల కొద్దీ జనం మధ్య ఒక్కడివే కూర్చోవడం ఖాళీ గది కంటే కష్టం. బైల్‌స్టైన్ ముచ్చటైన చిన్న ఊరు, కాని ఆఖరి పడవ వెళ్ళాక చడీ చప్పుడూ ఉండదు, కొత్తవాడివి, వద్దు. బ్రెమ్ దగ్గర కాల్మాంట్ అని యూరప్‌లోకెల్లా నిటారు ద్రాక్షతోటల్లో ఒకటి ఉంది, అక్కడ కింద నిలబడి తల ఎత్తితే టోపీ పడిపోతుంది. ఆ మలుపులో ఆగు. ఎవరో ఒకరు ఆగే ఉంటారు, ఫొటో తీసిపెట్టమని అడుగు. సిగ్గుపడకు.

హోటల్ కంటే రైతు ఇళ్ళలో గదులు తీసుకో. కిటికీలో "సిమ్మర్ ఫ్రై", అంటే గది ఖాళీ, అని అట్ట కనిపిస్తుంది. నగదు దగ్గరుంచుకో, కార్డు ప్రతిచోటా తీసుకోరు. ఫ్లామ్‌కూఖెన్ అనే పల్చటి రొట్టె మీద పంది మాంసం ముక్కలుంటాయి, తినవంటే "ఓనె ష్పెక్" అను. ఎదురొచ్చే ప్రతి సైకిల్ వాళ్ళకీ నువ్వే ముందు పలకరింపు పడెయ్యి. ఇక్కడివాళ్ళు మాట్లాడరని మనం అంటాం గాని, మొదటి మాట మనదే కావాలని వాళ్ళూ ఎదురుచూస్తుంటారు. ఆ సంగతి గ్రహించడానికి నాకు రెండేళ్ళు పట్టింది, నీకు ఊరికే చెప్పేస్తున్నా.

ఒక్కడివే వెళ్ళగలవా అంటే వెళ్ళగలవు, నేను వెళ్ళలేదూ? కాని మొదటిసారి వద్దు. మీ ఆఫీసులో మనవాళ్ళుంటే పట్టుకెళ్ళు. వాళ్ళు మొదట ఊఁ అని చివర్లో పనుందంటారు, అదీ నాకు తెలుసు.

మీ వదినకి మోకాళ్ళ నొప్పి, పిల్లలు పెద్దవాళ్ళై నాతో రామంటున్నారు. మే ఆఖరి వారం నాకు సెలవు దొరుకుతుంది. ట్రియర్ స్టేషన్ బయట, పొద్దున తొమ్మిదిన్నరకి. పంపు నా దగ్గరుంది, పులిహోర కూడా నేనే తెస్తా. నువ్వు ట్యూబులు తెచ్చుకో.