సి మేజర్ 9 కార్డ్‌లో (సి, ఇ, జి, బి, డి కలిపి మోగించేది) సి తీసేస్తే అది ఇ మైనర్ 7 కార్డ్ అయిపోదా?

ఇ, జి, బి, డి స్వరాలు రెంటికీ ఒకటే, నిజమే. పేరు తేల్చేది అన్నిటికన్నా కింద పలికే బాస్ స్వరం. బాస్ గిటార్ సి పట్టుకుంటే చెవికది సి మేజర్ 9 గానే వినిపిస్తుంది.

శంకరాభరణం వచ్చినవాళ్లు సి ని షడ్జమం అనుకుంటే స, గ, ప, ని, ఆపైన పై స్థాయి రి. స నుంచి లెక్కిస్తే తొమ్మిదోది కాబట్టి ఆ రి యే 9. ఐదు స్వరాలు కాబట్టి లెక్కకి నాలుగు ఇన్వర్షన్లు, అంటే సి బదులు వేరే స్వరం అన్నిటికన్నా కింద ఉండే అమరికలు. ఇ, జి కిందికొస్తే పేచీ లేదు. బి కిందికొచ్చి, ఆనుకునే సి పడితే కరకరలాడుతుంది. డి వస్తే ఏకంగా డి సస్ కార్డ్‌లా (మూడో స్వరం బదులు నాలుగోది పెట్టేది) వినిపిస్తుంది. నన్నడిగితే ఇన్వర్షన్ల నంబర్లు బట్టీపట్టడం దండగ.

బిల్ ఎవాన్స్ లాంటి జాజ్ పియానిస్టులు సి ని బాస్‌కి వదిలేసి, ఎడమచేత్తో మిగతా నాలుగే పట్టేవారు. మీరూ ఇలా కార్డ్ పేరులోని స్వరాన్ని బాస్‌కి వదిలేసి వాయించి చూడండి: డి మైనర్ 9కి ఎఫ్-ఎ-సి-ఇ, జి 13కి ఎఫ్-ఎ-బి-ఇ, సి మేజర్ 9కి ఇ-జి-బి-డి. మొదటి మార్పులో కదిలేది ఒక్క వేలే, సి నుంచి బి కి. రెండోసారి బి కదలదు, మిగతా మూడూ ఒక్కో మెట్టు దిగుతాయి.