వెనక గిర్ర యాక్సిల్ ఊకె విరుగుతుంటె ఏ హబ్ కొనాలె?

తమ్మీ, నార్కట్‌పల్లి నుంచి నల్గొండ కాలేజీకి రోజూ 7 గేర్ల సైకిల్ మీద వస్తున్న, వెనక యాక్సిల్ (గిర్ర ఇరుసు) రెండుసార్లు విరిగింది, గిర్ర తిప్పితె గరగర అంటుంది, దుకాణమాయన సీల్డ్ బేరింగ్ హబ్ (గోళీలు లోపలే పెట్టి మూసేసిన బేరింగులున్న, గిర్ర నడుమ డబ్బా) వేసుకో అంటున్నడు, కొనాల్నా అని కదా నువ్వు అడిగింది. నా లెక్క ప్రకారం సీల్డా, విడి గోళీలా అనేది తర్వాత ముచ్చట. ముందు నీ గిర్రకు ఉన్నది ఫ్రీవీలా, క్యాసెట్టా చూడు, యాక్సిల్ విరిగే రోగమంతా ఆడనే ఉంటది.

ఫ్రీవీల్ అంటే గేర్ల గుత్తి మొత్తం పట్టుకపోయి హబ్ మీదున్న మరకు బిగిస్తరు. కుడిదిక్కు కోను (గోళీలను నొక్కిపట్టే కోసు నట్టు), గోళీలు మాత్రం హబ్ లోపల్నే ఉండిపోతయి, ఆడికెళ్లి ఫ్రేమ్ దాకా యాక్సిల్‌కు కింద ఏ ఆసరా ఉండదు. పాత నల్ల సైకిళ్లకు ఒక్కటే పళ్లచక్రం కాబట్టి ఆ ఖాళీ జర్రంతే, 6 గేర్లు 7 గేర్లు అయ్యేసరికి అది పెరిగింది, ఇగ నీ బరువు, బ్యాగు బరువు, రోడ్డు గుంతల దెబ్బ అన్నీ ఆ ఖాళీ ముక్క మీదనే పడతయి. ముందు వంగుతది, గిర్ర తిప్పితె యాక్సిల్ కొస గుండ్రంగ ఊగుతుంటె వంగినట్టే, ఇంకొన్ని రోజులకు కుడి కోను దగ్గర టప్పున విరుగుతది. క్యాసెట్ హబ్‌ల అట్ల ఉండదు, గేర్లు ఎక్కే బాడీ హబ్‌లోనే భాగం, కుడి గోళీలు ఆ బాడీ చివరికి, అంటే ఫ్రేమ్ పక్కకు జరుగుతయి. జపాన్ కంపెనీ షిమానోవాళ్లు ఈ ఫ్రీహబ్‌ను (అదే, ఈ క్యాసెట్ హబ్‌ను) 1978ల తెచ్చిన్రు, దీంతోని యాక్సిల్ విరుగుడు దాదాపు బంద్ అయింది. కాబట్టి నీది ఫ్రీవీల్ అయితె, మళ్ల సీల్డ్ బేరింగ్ ఫ్రీవీల్ హబ్బే కొంటె బేరింగ్ మంచిగుంటది గని యాక్సిల్ మళ్ల విరుగుతది.

ఇంకోటి, రెండుసార్లు విరిగిందంటె ఫ్రేమ్ మీద కూడ డౌట్ పెట్టుకోవాలె. యాక్సిల్ కూసునే గాడీలు రెండూ ఒకదానికొకటి సమానంగ లేకుంటె, నట్టు బిగించినప్పుడల్లా యాక్సిల్ వంగుతనే ఉంటది, ఎంత ఖరీదు హబ్ వేసినా అంతే. సైకిల్ కుడిదిక్కు పడ్డప్పుడు ఆ గాడి లోపలికి వంగుతది చాలామందికి. నట్టు లూజ్ చేసి, చేతితోని మెల్లగ బిగిస్తూ చూడు, నట్టు మొఖం ఫ్రేమ్‌కు చుట్టూ ఒక్కతీరుగ ఆనాలె, ఒకదిక్కు ఆని ఇంకోదిక్కు సందు కనపడితె ముందు అది సక్క చేయించు. ఇనుప ఫ్రేమ్ అయితె తెలిసిన మెకానిక్ సక్క చేస్తడు. అల్యూమినియం అయితె బలంగ వంచనీయకు, పగులుతది.

ఇగ గరగర ముచ్చట. మా మేనమామకు దేవరకొండల కిరాయి సైకిళ్ల దుకాణం ఉండె, ఓవరాలింగ్ అంతా నేను ఆయన దగ్గర్నే చూసి నేర్చుకున్న. అప్పటి హబ్‌లకు నడుమ నూనె పోసే తూటు, దాని మీద స్ప్రింగు పట్టీ ఉండేది, నూనె డబ్బా ముక్కు పెట్టి రెండు చుక్కలు వేస్తె అయిపాయె. ఇప్పటియాటికి అది లేదు, విప్పాల్సిందే. (హబ్ చుట్టూ రంగురంగుల కుచ్చు కడతరు చూడు, అది పైన దుమ్ము తుడుస్తది అంతే, లోపలి గోళీలకు దాంతోని ఏం లాభం లేదు.)

విప్పేటప్పుడు ఎడమదిక్కే విప్పు, కుడి కోను ఉన్నకాడ ఉండనియ్యి, బిగించేటప్పుడు లెక్క తప్పది. కిందికి ఒక పళ్లెం పెట్టు, గోళీలు ఉరుకుతయి. వెనక మామూలుగ దిక్కుకు 9, పావు అంగుళం సైజు. ముందు గిర్రకు దిక్కుకు 10, 3/16 అంగుళం. కొందరు గోళీలు పెట్టెతందుకు సోమరితనంతోని పంజరం లెక్కుండే రింగులు వేస్తరు, అండ్ల గోళీలు తక్కువ పడతయి, బరువు మోసే వెనక గిర్రకు నాకు ఇష్టం లేదు. అట్లనే 9 పట్టినకాడ జర సందు కనపడుతుంది కదా అని పదోది కుక్కొద్దు, ఆ సందు ఉండాల్సిందే.

గ్యాసునూనెతోనో డీజిల్‌తోనో అన్నీ కడిగి తుడిచినంక కోను మీద గోళీలు తిరిగే దారి చూడు. బాల్‌పెన్ను మొన దాని మీద గీస్తె ఎక్కడన్నా తట్టుకుందంటె గుంటలు పడ్డయి, కోను మార్చు, దానికి పెద్ద పైసలు కావు. హబ్ లోపలి కప్పుల (గోళీలు కూసునే గిన్నెల) గూడ గుంటలు పడితె మాత్రం ఆ హబ్ కథ ఒడిసినట్టే, మామూలు హబ్‌లకు కప్పు విడిగ దొరకది. గోళీలు ఎట్లున్నా కొత్తయే వెయ్యి, పాతయి కొత్తయి కలపకు, అరిగిన గోళీలు చిన్నగయితయి, అప్పుడు బరువంతా కొత్తయాటి మీదనే పడతది. గ్రీజు లిథియంది తీసుకో, కప్పు నిండ పెట్టి గోళీలు అండ్ల నాటు.

అసలు పనితనం బిగించుట్ల ఉంది. కోను పట్టనీకె సన్న పాన కావాలె, వెనక ఎక్కువగ 15 నంబరు, ముందు 13, ఇది నల్గొండల మామూలు హార్డ్‌వేర్ షాపుల అడిగితె లావుది ఇస్తరు, అది కోను గాడిల పట్టది, ఆన్‌లైన్ల తెప్పించుకో. కోను గోళీలకు ఆనేదాక తిప్పి, జర వెనక్కి ఇచ్చి, దాన్ని సన్న పానతోని పట్టుకొని పై నట్టు బిగించు. తర్వాత యాక్సిల్ పట్టి కాదు, గిర్రను ఫ్రేమ్‌ల పెట్టి రిమ్ము పట్టుకొని పక్కలకు ఊపు, ఆట ఉంటె ఆడనే దొరుకుతది. క్విక్ రిలీజ్ (నట్లకు బదులు లివర్‌తోని బిగించేది) ఉంటె బయట కొంచెం ఆట వదిలిపెట్టాలె, లివర్ మూసినప్పుడు యాక్సిల్ నొక్కుకపోయి ఆ ఆట పోతది. చాలామంది ఊగుడు లేకుండ గట్టిగ బిగించి మస్తు టైటుంది అని ఖుషీ అయితరు, కొన్ని రోజులకే కప్పు గుంటలు పడతది. 

హబ్‌ను సంపేది రెండోది నీళ్లు. దసరా పూజకు బండ్లతోని పాటు సైకిల్‌ను కూడ వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చి, ఆ పంపు ధార నేరుగ హబ్ మీద కొట్టిపిస్తరు. లోపల గ్రీజు పోయి నీళ్లు నిలుస్తయి, బయటికి మాత్రం తళతళ మెరుస్తది. దసరాకు చేయాల్సింది ఓవరాలింగ్, అప్పటికి వానలు కూడ తగ్గుతయి. పొలం కాడికి తీస్కపోయి దమ్ము చేసిన మడిలకెళ్లో, కాలువ నీళ్లలకెళ్లో నడిపితె మాత్రం దసరా దాక ఆగొద్దు.

సీల్డ్ బేరింగ్ చెడ్డదని నేను అనను. కోను సెట్ చేసే పని లేదు, బురద తొందరగ లోపలికి పోదు, బేరింగ్ పాడైనప్పుడు కొట్టి తీసి కొత్తది వేసుడే. కాకుంటె కొనేముందే లోపలి బేరింగ్ నంబరు ఏందో అడుగు. 6000, 6001 అయితె మోటర్ వైండింగ్ దుకాణాల దగ్గర, బేరింగ్ షాపుల సులువుగ దొరుకుతయి, చివర 2ఆర్ఎస్ అని ఉండేది తీసుకో, రెండు దిక్కుల రబ్బరు మూత ఉన్నట్టు. 6902 లాంటి సన్న బేరింగ్ అయితె సికింద్రాబాద్ రాణిగంజ్ పోవాల్నో, ఆన్‌లైన్ పెట్టాల్నో అయితది. పేరు ఊరు లేని సీల్డ్ హబ్ కంటె షిమానో చిన్న రేటు కప్-కోన్ క్యాసెట్ హబ్ వంద రెట్లు నయం అంట నేను, వాళ్ల అన్నిట్ల పై రకం డ్యూరా-ఏస్ కూడ గోళీలు కోన్ల మీదనే నడుస్తది, అంటే గోళీలు పాతకాలం సరుకేం కాదు. సీల్డే కావాల్నంటె నోవాటెక్ కంపెనీది చూడు.

క్యాసెట్ హబ్‌కు మారితె నీ 7 గేర్ల షిఫ్టర్ పారేయనక్కర్లేదు, 8, 9 గేర్ల ఫ్రీహబ్ మీద 7 గేర్ల క్యాసెట్ ఎక్కియ్యాల్నంటె వెనక 4.5 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు వేస్తె సరిపోతది. పుల్లలు మాత్రం పాతయి వస్తయని ఆశ పెట్టుకోకు, హబ్ అంచు సైజు మారితె పుల్ల పొడుగు మారుతది. నల్ల సైకిళ్ల లెక్క ముందు 32 వెనక 40 తూట్లు కాదు గేర్ సైకిళ్లకు, 32 గని 36 గని ఉంటది, రిమ్ముకు ఎన్ని ఉంటె హబ్‌కు అన్నే ఉండాలె. తూట్లు కలిస్తె రిమ్ము అదే ఉంచు.

గిర్ర తీసినంక ఫ్రేమ్ గాడీల లోపలి నుంచి లోపలికి కొలత పట్టు, 130 మిల్లీమీటర్లు వస్తదా 135 వస్తదా, రిమ్ము తూట్లెన్ని, డిస్క్ బ్రేకా మామూలుదా, ఇవి కింద రాయి. అప్పుడు ఏ హబ్ పట్టుతదో పేరు పెట్టి చెప్త.