స్పీకర్ వైరుకు బనానా ప్లగ్ (సాకెట్‌లోకి గుచ్చే లోహపు పిన్ను) బిగించాలంటే సోల్డరింగ్ తప్పనిసరా?

అక్కర్లేదు. స్క్రూతో బిగించే 4 మి.మీ. బనానా ప్లగ్‌లు, వైరు తొడుగు ఒలిచే స్ట్రిప్పర్, చిన్న స్క్రూడ్రైవర్ చాలు. ఒక్కో స్పీకర్‌కి నాలుగు ప్లగ్‌లు పడతాయి: ఆంప్ (ఆంప్లిఫయర్) వైపు రెండు, స్పీకర్ వైపు రెండు. మామూలు గదికి 1.5 చదరపు మి.మీ. రాగి వైరు సరిపోతుంది.

ముందు ఆంప్ ఆపి, దాని కరెంటు ప్లగ్ సాకెట్‌లోంచి తీసేయండి. జంట వైరులో ఒకదాని మీద గీతో, అక్షరాలో ఉంటాయి. దాన్ని రెండు చివర్లా ఎర్ర ప్లగ్‌కే ఇవ్వండి. ఒక స్పీకర్‌కి తిరగబడితే శబ్దం వస్తుంది గానీ బేస్ పలచబడిపోతుంది. చాలామంది స్పీకరే పోయిందనుకుంటారు.

తొడుగు 10 నుంచి 12 మి.మీ. ఒలవండి. పోగులు తెగితే ఆ ముక్క కత్తిరించేసి మళ్లీ ఒలవడమే మంచిది. పోగుల్ని గట్టిగా మెలిపెట్టి, ప్లగ్ మూత ముందే వైరుకి ఎక్కించి, పక్క రంధ్రంలోకి దూర్చి స్క్రూ బిగించండి. ప్లగ్ పట్టుకుని లాగితే వైరు కదలకూడదు. స్క్రూ కింద పెట్టే కొసకి సోల్డర్ పూయకండి. సోల్డర్‌లో ఉండే సీసం, తగరం మెత్తటి లోహాలు, ఒత్తిడికి మెల్లగా అణిగి పట్టు వదులవుతుంది.

అసలు ప్రమాదం బయటికి పొడుచుకొచ్చిన ఒక్క పోగుతోనే. అది పక్క ప్లగ్‌కి తగిలితే షార్ట్ అయి ఆంప్ ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది (తనను కాపాడుకోడానికి శబ్దం ఆపేస్తుంది), ఆ రక్షణ లేని ఆంప్‌లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు కాలిపోవచ్చు. ఏదీ తగిలించకముందే ఎరుపు, నలుపు ప్లగ్‌ల మధ్య మల్టీమీటర్‌ని కంటిన్యుటీ (బీప్) మోడ్‌లో పెట్టి చూడండి, బీప్ రాకూడదు.