వారసుల జాబితాలో నానమ్మ పేరేదే?

బుజ్జీ,

మీ నాన్న ఆస్తికి అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే అప్పులు తీర్చి మిగిలింది వారసులకు పంచే మనిషిగా, నువ్వే కోర్టులో పిటిషన్ వేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మా తమ్ముడి కూతురివి అనిపించుకున్నావు. అయినా నాకు టెన్షనే. మీ మామయ్య పోయాక ఆ పని చేసినదాన్ని కదా.

పెళ్లైన కూతురికేం హక్కు అనేవాళ్లను పట్టించుకోకు. హిందువు వీలునామా రాయకుండా పోతే, ఆ ఆస్తిలో వాటా ఉన్నవాళ్లెవరైనా ఆ అధికారమిచ్చే కోర్టు పత్రం, అదే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అడగవచ్చని 1925 నాటి భారత వారసత్వ చట్టంలోనే ఉంది. మీ అమ్మా నువ్వూ ఇద్దరూ అడిగితే ఒకరికివ్వడమా, ఇద్దరికీ ఇవ్వడమా అన్నది జడ్జిగారి ఇష్టం. మీ తమ్ముడికి 18 నిండలేదు కాబట్టి వాడికివ్వరు. మతిస్థిమితం లేనివాళ్లకూ ఇవ్వరు. వారసులెవరూ ముందుకు రాకపోతే అప్పిచ్చినవాడికి కూడా ఇవ్వొచ్చట, వినడానికే ఒళ్లు మండుతుంది నాకు.

బ్యాంకు డబ్బు, షేర్లు మాత్రమే అయితే వాటిని తీసుకోవడానికి కోర్టిచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ సరిపోయేది. మీకు ఇల్లుంది, తీర్చాల్సిన అప్పులున్నాయి, లాయరు చెప్పినట్టే చెయ్యి.

ఇక అసలు సంగతి. లాయరుకిచ్చిన కాగితం ఫొటో మీ అమ్మ నాకు పంపింది. వారసుల దగ్గర భార్య, కూతురు, కొడుకు అని మూడే పేర్లున్నాయి. మా అమ్మ ఏదే? 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకు పోతే తల్లి కూడా భార్యాపిల్లలతో సమానంగా మొదటి తరగతి వారసురాలు. తండ్రి కాదు, తల్లి. అత్తయ్య తన పుట్టింటి వాటా కోసం అడుగుతోందనుకుంటావేమో, అనుకో.

మా తోటికోడలి పుట్టింట్లో ఇదే జరిగింది. వాళ్ల నాన్న పోయాక పెద్దన్నయ్య పిటిషన్ వేశాడు. వెనకగదిలో మంచం పట్టిన నానమ్మ పేరు రాయలేదు. "ఈ వయసులో ఆవిడకెందుకీ కోర్టు గొడవలు" అన్నాడట. చెడ్డవాడేం కాదు, ఆవిడకి రోజూ ముద్దలు కలిపి తినిపించింది అతనే. ఆవిడ పోయాక, మా అమ్మ వాటా మాకు రావాలి కదా అని మేనత్తలు కోర్టుకెక్కారు. ముఖ్యమైన విషయం దాచి తెచ్చుకున్నారని లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ రద్దయింది. ఇల్లు కొంటానన్నవాడు అడ్వాన్సు వెనక్కిమ్మని గుమ్మంలో కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో పెళ్లంటే మేనత్తలు ఒక మూల, వీళ్లొక మూల. రేపు నువ్వో మూల, నేనో మూల కూర్చోవడం నావల్ల కాదు తల్లీ.

లెటర్స్ ఇచ్చేటప్పుడు కోర్టు బాండు రాయించుకుంటుంది. ష్యూరిటీ కావాలంటే నేనున్నాను. తర్వాత 6 నెలల్లో ఆస్తి అప్పుల జాబితా, ఏడాదిలో జమాఖర్చుల లెక్క కోర్టుకివ్వాలి. నాన్న డబ్బు నీ ఖాతాలో కలపకు, విడిగా ఒకటి తెరువు. ప్రతి రసీదూ దాచు, ఆటోకిచ్చినవి కూడా రాసుకో.

పేరు చేర్చాక ఆ కాగితం నాకు మళ్లీ పంపు. కోర్టు నోటీసు చూస్తే మా అమ్మ హడలిపోతుంది, ముందే నువ్వెళ్లి చెప్పు. కుడిపక్కన కూర్చో, ఎడమ చెవి వినపడదు.

మీ అత్తయ్య