అమ్మానాన్నలకు ఫోన్‌లోనే డాక్టర్‌ను చూపించవచ్చా?

చూపించవచ్చు. హైదరాబాద్‌లో విడిగా ఉండే పెద్దవాళ్లకు బీపీ, షుగర్ మందుల గురించి అడగడానికి, రిపోర్టులు చూపించడానికి ఇది చాలు, మోకాళ్ల నొప్పులతో ఆటో ఎక్కి ఆస్పత్రిలో గంటలు కూర్చునే బాధ తప్పుతుంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ డాక్టర్ సేవ ఈ-సంజీవని ఉచితం, మొబైల్‌కు వచ్చే ఓటీపీతో లాగిన్ అయితే డాక్టర్ వీడియోలో మాట్లాడి మందుల చీటీ ఫోన్‌కే పంపుతారు. చిక్కంతా ఆ ఓటీపీ దగ్గరే, కళ్లజోడు వెతుక్కునేలోపు టైమ్ అయిపోతుంది! అందుకే మొదటిసారి పక్కన ఒకరు ఉండండి, వాడుతున్న మందుల స్ట్రిప్పులు, బీపీ రాసుకున్న కాగితం ముందే దగ్గర పెట్టండి. మత్తు కలిగించే నార్కోటిక్ మందులు మాత్రం ఇలా రాయకూడదని ఫోన్, వీడియో వైద్యంపై కేంద్రం ఇచ్చిన 2020 మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఛాతీ నొప్పి, మాట తడబడటం లాంటివైతే వీడియో కాల్ కోసం చూడకుండా 108కి కొట్టండి.